పలుకు ఉండగానే దించవలెను

ఇకమీదట ఈ దేశంలో వంట అనేది పది నిమిషాల పని అని మా మంత్రిగారు బుధవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు.

"మనిషి ఆయుష్షులో మూడోవంతు పొయ్యి ముందే ఆవిరైపోతోంది. సూపర్ మార్కెట్లో పాస్తా ఉంది, ఓట్స్ ఉన్నాయి, బార్లీ ఉంది. నీళ్ళు మీ ఇంట్లోనే ఉన్నాయి. ఇంకేం కావాలి?" అని అడిగారు.

ఇంకేమీ అక్కర్లేదని మేమంతా చప్పట్లు కొట్టాం. ఆయనది ఆహార సులభీకరణ శాఖ. నేను ఆ శాఖలో టపా గుమాస్తాను. చప్పట్లు నా విధుల్లో లేవు. అయినా ఎన్నడూ ఎగ్గొట్టలేదు.

అప్పుడు మంత్రిగారు ఇంకో మాట అన్నారు. ఇంటింటా పది నిమిషాల్లో భోజనం తయారవుతుంటే ఆఫీసులో క్యాంటీను దేనికి? ఒకటో తారీకు నుంచి మూసేద్దాం.

దానికీ చప్పట్లు మోగాయి. నేనూ రెండు చేతులు ఎత్తాను గానీ అవి కలవలేదు. ఆ క్యాంటీనులో పంతొమ్మిదేళ్ళుగా వండుతున్నది మా ఆవిడ.

ఇంటికెళ్ళి చెబితే ఆమె నవ్వింది.

"పది నిమిషాల్లో మూడొందల మందికి నీళ్ళే మరగవండీ."

"మూడొందల మందికి కాదు. ఎవరింట్లో వాళ్ళకి."

"అయితే నేనో?"

జవాబు వెతుక్కుంటూ దేవుడి గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. అక్కడా వెంటనే దొరకలేదు.

మూసేముందు ఒక సామాన్యుడి ఇంట్లో పది నిమిషాల వంట ప్రదర్శన జరగాలని నిర్ణయమైంది. సామాన్యుడి కోసం వారం రోజులు వెతికారు. చివరికి నేను దొరికాను. మా డైరెక్టరుగారికి మోకాళ్ళ నొప్పి, మా ఇల్లు కింది వాటా. వండేది ఎవరు అంటే, సామాన్యుడి భార్యే అన్నారు. ఎవరి క్యాంటీను మూస్తున్నారో ఆమె చేతే వండించడం న్యాయమేనా అని నాకు చిన్న సందేహం కలిగింది. ఫైల్లో అలాంటి గడి లేదు కాబట్టి రాయలేదు.

మా ఆవిడ మాత్రం పనిని పనిలాగే చూసింది. సూపర్ మార్కెట్‌కి వెళ్ళి రకానికొక పొట్లం తెచ్చి మూడు రోజులు ఇంట్లోనే వండి చూసింది. మా అత్తగారు ఒక పాస్తా ముక్కని కిటికీ వెలుగులో పట్టుకుని తిప్పారు.

"అల్లుడుగారూ, ఇవి గవ్వలా, నత్తలా?"

"పిండే అత్తయ్యా. ఆకారం వాళ్ళ సరదా."

మొదటిరోజు జిగురైంది. రెండోరోజు పలకల్లా విరిగింది. మూడోరోజు నిజంగా బాగుంది. నేను రెండోసారి వడ్డించుకున్నాను. బార్లీని రాత్రంతా నానబెడితే తప్ప తొందరగా లొంగదని, ఓట్స్‌ని కలుపుతూ ఉంటేనే మాట వింటాయని కూడా ఆమె కనిపెట్టింది.

"తిండిదేం తప్పు లేదండీ. దాని వేళ దానికివ్వాలి, అంతే," అంది.

నాలుగోరోజు డైరెక్టరుగారు వచ్చి వంట విధానం అడిగి రాసుకున్నారు. మా ఆవిడ పాస్తా దగ్గర గట్టిగా చెప్పింది.

"లోపల చిన్న పలుకు ఉండగానే దించెయ్యాలండీ. పలుకు పోయిందా, ఇక గోడకి పోస్టర్లు అంటించుకోవచ్చు."

ఆయన పోస్టర్ల సంగతి వదిలేసి మిగతాది శుభ్రమైన భాషలో సర్క్యులరుగా మార్చారు: "పలుకు ఉండగానే దించవలెను."

సర్క్యులరు మంత్రిగారి పేషీకి వెళ్ళింది. మూడోనాటికి పి.ఏ.గారి ప్రశ్నతో తిరిగొచ్చింది: "ఎవరి పలుకు?"

టపా నా బల్ల మీదుగానే పోతుంది కాబట్టి చూశాను. ఉండబట్టలేక డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళాను.

"అయ్యా, పలుకు అంటే ఇక్కడ మాట కాదండీ. ఉడకగా లోపల మిగిలే గట్టి..."

"మీరు టపా చూస్తారు కదూ?"

"అవునండీ."

"అయితే కవరు మీద అడ్రసు చూడండి. లోపలిది మేం చూసుకుంటాం."

చూసుకున్నారు కూడా. ప్రభుత్వ కార్యక్రమంలో మంత్రిగారిది తప్ప ఇంకొకరి పలుకు ఎలా ఉంటుందని, "మంత్రిగారి పలుకు ఉండగానే దించవలెను" అని సవరించారు. దానిమీద ప్రోటోకాల్ వారు అభ్యంతరం చెప్పారు. మంత్రిగారు మాట్లాడుతుండగా మధ్యలో గిన్నె దించడం మర్యాదేనా? మర్యాద కాదని అందరూ ఒప్పుకున్నారు. తుది సర్క్యులరు నా బల్ల మీదికి వచ్చింది: "మంత్రిగారి పలుకు ముగిసిన పిమ్మటనే దించవలెను." కింద ఆరు సంతకాలు.

ప్రదర్శన రోజు పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు నిలబడ్డాను. ఏమని అడగాలో తెలియలేదు. వంట కుదిరితే ఆమె కొలువు పోతుంది. కుదరకపోతే ఆమె పేరు పోతుంది, కొలువు ఎలాగూ పోతుంది. ఒకే ఇంటి నుంచి రెండు రకాల అర్జీలు వెళితే పైన ఏ గుమాస్తా చూస్తాడో! "నీకు తోచింది చెయ్యి స్వామీ" అని బయటికి వచ్చాను.

మా వంటగదిలో నలుగురు పడతారు. ఆ రోజు పదిహేడు మంది పట్టారు. మంత్రిగారు స్వహస్తాలతో పొయ్యి వెలిగించారు. మా ఆవిడ మరిగే నీళ్ళలో పాస్తా పోసింది. మంత్రిగారు పలకడం మొదలుపెట్టారు.

ఎంత గొప్పగా పలికారు! సమయం విలువ గురించే పన్నెండు నిమిషాలు పలికారు. మా ఆవిడ చెయ్యి మూత మీదే ఉంది.

"ఏమండీ, దించనా?" అంది మెల్లిగా.

నేను డైరెక్టరుగారి వైపు చూశాను. ఆయన సర్క్యులరు ఎత్తి చూపించారు.

"ఆగమంటున్నారు."

"పలుకు పోతోందండీ!"

"ఎక్కడ పోతోందమ్మా, ఇంకా బ్రహ్మాండంగా సాగుతోంది," అన్నారు డైరెక్టరుగారు భక్తిగా.

ముప్పై ఎనిమిదో నిమిషంలో మంత్రిగారు, "ఇదిగో, పది నిమిషాలు! అయిపోయింది!" అని ముగించారు. అందరూ గడియారాలు చూసుకోకుండా చప్పట్లు కొట్టారు.

మా ఆవిడ మూత తీసింది. గరిటె వేస్తే నిలబడింది. చెయ్యి వదిలేసినా నిలబడే ఉంది.

"అమ్మా, మూత పెట్టేయండి. మూతతోనే అందంగా ఉంది," అన్నాడు ఫోటోగ్రాఫరు.

మంత్రిగారు ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు. ఏదో అనబోయారు. పై పళ్ళు కింది పళ్ళని వదల్లేదు. ఆయన ఒక నిమిషం పాటు మౌనంగా ఉండటం నా సర్వీసులో అదే మొదటిసారి.

మా అత్తగారికీ ఒక గిన్నెలో పెట్టారు. ఆవిడ చెమ్మగిల్లిన కళ్ళతో మంత్రిగారి వైపు తిరిగారు.

"బాబూ, నాకు పళ్ళు లేవని నీకెవరు చెప్పారయ్యా? ఇంత ఆలోచన నా కన్న కూతురికే లేదు!"

పి.ఏ.గారు "వృద్ధుల హర్షం" అని రాసుకున్నారు.

మా ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది. "అయ్యా, వండింది నేనే. దించిన వేళ మాత్రం నాది కాదండీ," అంది. పంతొమ్మిదేళ్ళలో ఆమె వంటకి సంజాయిషీ చెప్పుకోవడం నేను వినలేదు. నాకు తలెత్తాలనిపించలేదు.

మంత్రిగారి నోరు అప్పటికి విడివడింది. "ఎంత వినయం!" అన్నారు.

మర్నాడు నివేదిక వెలువడింది. వంటకి పట్టినది పది నిమిషాలు, తక్కినది ప్రసంగం. ముక్కలు ఒకదానికొకటి అంటుకోవడం ప్రజల ఐకమత్యానికి సూచన. ప్రయోగం సంపూర్ణ విజయం.

ఒకటో తారీకున క్యాంటీను మూశారు. మా ఆవిడ పెద్ద గిన్నెల్ని తోమి, బోర్లించి, తాళంచెవులు అప్పగించి వచ్చింది. వారం రోజులు ఇంట్లో ముగ్గురికి వండుతూ, ప్రతిపూటా ఎక్కువే వండింది. చెయ్యి తగ్గడం లేదంది.

ఇంతలో పథకం సక్రమంగా సాగుతోందా అని చూడటానికి పది నిమిషాల వంట పర్యవేక్షణ విభాగం ఏర్పడింది. అరవై రెండు మంది ఆఫీసర్లు. పొద్దున్నే గడియారాలు పట్టుకుని ఇంటింటికీ బయల్దేరతారు.

పదో రోజున డైరెక్టరుగారు మోకాళ్ళు పట్టుకుంటూ మా గుమ్మంలోకి వచ్చారు.

"అమ్మా, రేపట్నుంచి మీరు మళ్ళీ ఆ వంటగదికే రావాలి. అరవై రెండు మందికి మధ్యాహ్నం భోజనం. ఇల్లిల్లూ తిరిగేసరికి పాపం ఒక్కరికీ వండుకునే తీరిక ఉండటం లేదు."

మా ఆవిడ నా వైపు చూసింది. తర్వాత ఆయన్ని అడిగింది.

"ఏం వండమంటారండీ? పాస్తాయేనా?"

డైరెక్టరుగారు వీధి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"అదేంటమ్మా అలా అంటారు? వాళ్ళు పని చేసుకోవాల్సిన మనుషులు!"