ఏటికి అడ్డంగా ఏనుగు బొమ్మలు

ఆ ఉదయం కామాక్షయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. మనవడి డైపర్లు ఉతకాలి, ఆరేయాలి, సాయంత్రం అల్లుడొచ్చే వేళకు మడతపెట్టి కంటికి ఆనేచోట పెట్టాలి. నలభై ఏళ్లు సముద్రం మీద పడవ నడిపినవాడికి పన్నెండు గుడ్డలు ఒక లెక్కా?

ఉతక్కపోతే మాత్రం కొంప మునిగేలాగే ఉంది. భార్య కామమ్మ కంటి ఆపరేషనుకని నెల్లూరు వెళ్లింది. పది రోజులు అక్కడే చెల్లెలి ఇంట్లో ఉంటుంది. ఇంట్లో మిగిలింది తనూ, పురిటికి వచ్చిన కూతురు విజయకుమారీ, మూడు నెలల మనవడూ. సంగతి తెలిసి ముత్తుకూరు నుంచి అల్లుడు ముఖేష్ ఫోన్ చేశాడు. "అత్త లేకుండా చంటోడితో మీరేం అవస్థ పడతారు మామా? సాయంత్రం వచ్చి ఇద్దర్నీ తీసకపోతాలే" అన్నాడు.

కామాక్షయ్య గుండె గతుక్కుమంది. బిడ్డ తనను గుర్తుపట్టి నవ్వడం మొదలుపెట్టి ఇంకా నాలుగు రోజులు కూడా కాలేదు. ఇప్పుడు తీసుకుపోతే ఆ నవ్వంతా వియ్యపురాలి పాలవుతుంది.

"నువ్వు పోవద్దు తల్లీ. గుడ్డలు నేనుతుకుతా" అన్నాడు కూతురితో.

విజయకుమారి తండ్రిని ఎగాదిగా చూసింది. "నీ తువ్వాల నువ్వు ఏనాడన్నా ఉతుక్కున్నావా నాయనా?"

"వలలు ఉతకలా? వలకంటే గొప్పవా ఇవి?"

"సరే, ఈపొద్దు ఉతికి చూపించు. సాయంత్రానికి ఆరిన డైపర్లు కనపడితే ఉంటా. లేదంటే ఆయనతో పోతా. వంటా, బిడ్డా, ఈ ఉతుకుడూ అన్నీ అంటే నా వల్ల గాదు."

అవి మామూలు పొత్తిగుడ్డలు కావు. అంగట్లో దొరికే డైపర్లు ఒరుసుకుని బిడ్డ తొడలు ఎర్రబడుతున్నాయని ముఖేష్ ఆన్‌లైన్‌లో తెప్పించినవి. ఉతికి మళ్లీ వాడుకోవచ్చు. ఒక్కోదానికి రెండు వరసల టిచ్ బటన్లు, లోపల మందపాటి మెత్త, పైన నీళ్లు పట్టని నీలం గుడ్డ, దాని మీద తెల్ల ఏనుగు బొమ్మలు. సబ్బుపొడి ఒక్క చెంచా చాలని వాటితో వచ్చిన కాగితంలో ఉందని విజయకుమారి చదివి చెప్పింది. ఆ కాగితం రాసినవాడు ఒట్టి పిసినారి అని కామాక్షయ్యకు అర్థమైపోయింది. మనవడి దగ్గర లోభమా? పొట్లం మొత్తం బకెట్‌లో కుమ్మరించాడు.

ఇక చూడండి, నురగ. పిండితే నురగ, జాడిస్తే నురగ, మళ్లీ పిండితే ఇంకాస్త నురగ. మెత్తలు సబ్బునంతా తాగి కూర్చున్నాయి. ఏడో బకెట్ సగం నిండాక కొళాయి బుస్సుమని గాలి వదిలి ఆగిపోయింది. మళ్లీ నీళ్లొచ్చేది మర్నాడు పొద్దున్నే.

కామాక్షయ్య కాసేపు తల గోక్కున్నాడు. అంతలో ఇంటి వెనక పారే ఉప్పుటేరు గుర్తొచ్చింది. వలకు బురద పడితే ఏం చేస్తారు? పారే నీళ్లలో కట్టి వదిలేస్తారు, మిగతా పని ఏరే చూసుకుంటుంది. ఆఖర్న బిందెడు మంచినీళ్లలో ముంచి తీస్తే ఉప్పు కూడా పోతుంది. తన తెలివికి తనే ముచ్చటపడుతూ నైలాన్ తాడు తీశాడు. డైపర్లను తాడు చుట్టూ చుట్టి బటన్లు నొక్కితే టక్కున పట్టుకున్నాయి. పన్నెండింటినీ వరసగా అలా తగిలించి, తాడు ఒక కొస ఒడ్డునున్న గుంజకూ, రెండోది ఏటి నడుమనున్న గుంజకూ కట్టాడు. ఇంత సుళువైన పనికి ఆడవాళ్లు అంత ఆర్భాటం ఎందుకు చేస్తారా అనుకుంటూ, అరగంటలో వచ్చి తీసుకుందామని ఇంటికొచ్చాడు.

ఇంట్లో మనవడు మేలుకుని ఉన్నాడు. తాత చూపుడువేలు గట్టిగా పట్టుకుని బోసినోటితో నవ్వాడు. వేలు వదల్లేదు. నలభై ఏళ్లలో ఒక్కసారైనా పోటు వేళ మరిచిపోని కామాక్షయ్య ఆ రోజు పోటునూ మరిచాడు, డైపర్లనూ మరిచాడు.

నాలుగు గంటలకు ముఖేష్ బండి వాకిట్లో ఆగింది. దాని వెనకే ఊళ్లోని జాలరి, సమాధానం అనే అతను రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు, అతని వెనక పదిమంది. ఆ ఊళ్లో ఏటిలో ఎవరు ఏ రోజు వల వేయాలో చీట్లు తీసి వంతులు పెట్టుకుంటారు. ఒకరి వంతు రోజున మరొకరు వల దించితే పెద్ద తప్పు. అలాంటి వల కనపడితే, పెద్దమనిషి మాట చెప్పేదాకా ఎవరూ చెయ్యి పెట్టరు. ఆ పెద్దమనిషి కామాక్షయ్యే.

"అన్నా, ఈపొద్దు ఏట్లో వంతు నాది. పడవేసుకోని పోతే ఎవుడో ముందే అడ్డంగా వల దించేసినాడు! వల తేలేదానికి కట్టే బెండ్లు వరసగా కనపడతా ఉండాయి" అన్నాడు సమాధానం.

కామాక్షయ్య అల్లుడి వైపు ఓరగా చూశాడు. తన పెద్దరికం ఎంతటిదో అల్లుడికి తెలియాల్సిన ఘడియ ఇదేననిపించింది. మనవణ్ణి ఒళ్లో సర్దుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఎవుడైనా సరే, నా తోడబుట్టినోడైనా సరే! ఆ వల పది రోజులు ఊరి చావిట్లో ఉండాల. ఎంత కాళ్లావేళ్లా పడినా ముందుగా ఇచ్చేది లేదు. ఇదే నా మాట."

జనం సరేనన్నారు. ముఖేష్ కూడా మెచ్చుకోలుగా తలూపాడు.

"అట్నేగానీ అన్నా, ఇంత సోకైన బెండ్లు నేను యాడా చూళ్లా" అన్నాడు సమాధానం. "నీలంగా ఉండాయి. వాటి మీద తెల్ల ఏనుగులు గూడా ఉండాయి."

కామాక్షయ్య చూపు ఖాళీ బకెట్ మీద పడింది. లోపలి నుంచి విజయకుమారి "నాయనా!" అంది.

అందరూ ఏటి ఒడ్డుకు నడిచారు. పోటుకు ఒడ్డు గుంజ మెడదాకా మునిగింది. నీలం గుడ్డల్లో గాలి చేరి, పన్నెండు డైపర్లూ ఏటికి అడ్డంగా బుడుంగు బుడుంగుమంటూ తేలుతున్నాయి. తాడు లాగితే మెత్తల్లోంచి రొయ్యలు చిటపటా ఎగిరిపడ్డాయి. ఊరంతా పొట్టలు పట్టుకుంది.

సమాధానానికి జాలేసింది. "ఇది వల గాదుగదన్నా. తీసకపో, పోనీలే."

ఒప్పుకుంటే అయిపోయేది. కానీ ఇన్నేళ్లు ఊళ్లోవాళ్ల వలలు నిర్దాక్షిణ్యంగా చావిడికి ఎక్కించిన మనిషి, తన దాకా వచ్చేసరికి మాట మారిస్తే రేపు ఎవరు వింటారు? కామాక్షయ్య సిగ్గుతో చితికిపోయాడు.

"ఒకరి వంతులో అడ్డంపడింది ఏదైనా వలే. చావిట్లో పెట్టండి" అన్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, "బట్టలు సర్దుకో తల్లీ. నాకు చేతగాలా" అన్నాడు. మనవడి తల నిమిరాడు.

ముఖేష్ బుర్ర గోక్కున్నాడు. "సర్దుకోడం సరే మామా. డైపర్లు పది రోజులు చావిట్లో ఉంటే, ముత్తుకూరు దాకా బండి మీద వీణ్ణి ఎట్టా తీసకపోవాల?"

విజయకుమారి తండ్రి ముఖం చూసింది, భర్త ముఖం చూసింది.

"ఎట్టా తీసకపోయేది? ఊరి మాట దాటేదుందా?" అంది. "పది రోజులూ ఈడనే ఉంటాం. అమ్మ పాత చీరలు చించుకుంటా. నాలుగు రోజులు సెలవు పెడితే, ఉతకడం ఎట్టాగో నాయనకు నేర్పచ్చు."

ముఖేష్ మామను చూసి, వేలాడుతున్న డైపర్లను చూసి, సెలవు కోసం ఫోన్ తీశాడు. కామాక్షయ్య కడుపు నిండిపోయింది. అంతమందిలో దోషి నవ్వితే బాగుండదని తల బాగా కిందికి వంచుకున్నాడు.

ఊరి కట్టుబాటు ప్రకారం ఆ డైపర్లలో పడిన రొయ్యలు వంతుగల సమాధానానికే చెందుతాయి. సమాధానం మాత్రం ఆ వారమంతా నీచు ముట్టనన్నాడు.