తెల్లచీర డ్రిల్లు

ఆసుపత్రి సిబ్బంది ఉక్కులా ఉంటే రోగాలు వాటంతటవే పారిపోతాయని ఆరోగ్యశాఖ మంత్రిగారు విశాఖపట్నంలో ప్రకటించారు. ఉక్కు నగరంలో ఉంటూ ఉక్కులా లేకపోవడం సిగ్గుచేటని కూడా సెలవిచ్చారు. ఆ వారంలోనే మా ఊరి సర్కారు ఆసుపత్రిలో ‘ఉక్కు సిబ్బంది పథకం’ మొదలైంది. పెద్దడాక్టరు మొదలు ఆయా వరకు అందరూ పొద్దున్నే యూనిఫాంలో కింద ఆవరణలో వరసగా నిలబడి వ్యాయామం చెయ్యాలి. రానివాళ్ళకి మెమో. అంతసేపూ రోగులు ఓపిక పట్టాలి. వాళ్ళకి మాత్రం వేరే పనేముంది?

ఈ మహత్తర కార్యక్రమాన్ని కళ్ళారా చూసే భాగ్యం మా పాప శ్రీవల్లి వల్ల నాకు కలిగింది. దానికి ఆయాసం. వన్ టౌన్ నుంచి ఆటోలో తెచ్చి పిల్లల వార్డులో చేర్చాం. మూతికి మాస్కు పెట్టి మందు పొగ పట్టిస్తే ఊపిరి ఆడుతుంది. లేకపోతే డొక్కలు ఎగరేస్తుంది. పొగ పట్టాల్సిన వేళా, మంత్రిగారు స్వయంగా చూడ్డానికొచ్చిన డ్రిల్లు వేళా ఒకటే అయ్యాయి.

సిస్టరు హేమశ్రీ గారు అప్పటికే మెట్ల వైపు నడుస్తున్నారు. మోకాళ్ళ నొప్పులావిడకి. నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. మెమో ఇస్తే ఎవరమ్మా దిక్కు అని ఆవిడా కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మధ్యలో ఆయా నూకాలు దారి చూపించింది.

“ఏటమ్మా అలగ ఏడుత్తావు? ఆలకి తలకాయలు లెక్కకి రావాల, అంతే. నువ్వు సిస్టరమ్మ సీర కట్టుకుని కిందకి ఎల్లు. సిస్టరమ్మ నీ సీర కట్టుకుని పాపకి పొగ పడతాది. పక్క వార్డుల్లో అందరూ ఇదే సేత్తన్నారు.”

నిజమే. కిందకి దిగి చూస్తే ఆవరణ నిండా రోగుల బంధువులే. తెల్లచీరలు, తెల్లకోట్లు, ఖాకీ చొక్కాలు. ఆసుపత్రిలో స్ట్రెచరు తొయ్యడం, సెలైను సీసా ఎత్తి పట్టుకోవడం ఎలాగూ మాకు అలవాటే. వ్యాయామం ఒక్కటే మిగిలింది, అదీ అప్పగించారు. నా పక్కన తెల్లకోటులో ఉన్నాయన కన్నబాబు. ఫిషింగ్ హార్బరులో వలలు లాగుతాడు, తండ్రికి ఆపరేషనని వచ్చాడు.

చేతులెత్తమంటే ఎత్తాం. గెంతమంటే గెంతాం. గెంతిన ప్రతిసారీ నా కళ్ళు పిల్లల వార్డు కిటికీ మీదికే పోయేవి. అది చూసి, తల ఎంత నిటారుగా పెట్టిందో అని మంత్రిగారు నన్ను మెచ్చుకున్నారు. తర్వాత కన్నబాబు జబ్బలు పట్టి చూశారు.

“ఏం చేస్తుంటారు డాక్టర్?”

“తెగిపోయినియి కుడతానండి.”

“సర్జన్ సార్,” అన్నారు సూపరింటెండెంట్ గురునాథరావు గారు, కళ్ళు ఆర్పకుండా.

మంత్రిగారికి హుషారు వచ్చింది. లిఫ్టు వద్దు, మెట్లెక్కి వార్డులు చూస్తానన్నారు. సగంలో ఆగి, గోడ మీద ఉన్న తన ఫొటోని చాలాసేపు పరిశీలించారు. ఆయాసం తగ్గాక మిగతా మెట్లు ఎక్కారు. వెనకాల మేమంతా.

వార్డు ఏనాడూ అంత బాగా లేదు. ప్రతి మంచం దగ్గరా మనిషి. గళ్ళ లుంగీ కట్టుకున్న డాక్టరుగారు ఒక పిల్లాడి గుండె వింటున్నారు. నా పూలచీర కట్టుకున్న సిస్టరుగారు పాపకి మాస్కు సర్దుతున్నారు. ఉన్న ఒక్క మిషనూ మిగతా మంచాలన్నీ తిరిగి అప్పుడే మా వంతుకి వచ్చింది, మందు పొయ్యడమే తరువాయి.

మంత్రిగారు మండిపడ్డారు. రోగుల బంధువులు ఇంతమంది లోపలేమిటి, లుంగీలతో వైద్యమేమిటి, ఇన్‌ఫెక్షన్లు రావా అన్నారు. సాయంత్రం నాలుగింటి వరకు ఒక్కరు కనపడకూడదన్నారు. బందోబస్తుకొచ్చిన కానిస్టేబులు చలమయ్య అందర్నీ తోలుకుపోయి గేటు బయట పెట్టాడు. డాక్టరుగారు తాను డాక్టరునని చెప్పారట. గేటు దగ్గర అందరూ అదే సెప్తారు బావా, పద అన్నాడట చలమయ్య. నిజం చెబితే ముందు తనకే మెమో వస్తుందని కాబోలు, గురునాథరావు గారు సీలింగు ఫ్యాను వంక చూస్తూ నిలబడ్డారు.

సిస్టరుగారితో పాటు మందు సీసా కూడా వెళ్ళిపోయింది, నా చీర కొంగు ముడిలో.

పాప డొక్కలు ఎగరేస్తోంది. పెదాలు నల్లబడుతున్నాయి. రోడ్డు వైపు కిటికీకి పరిగెత్తాను. అందరూ కారియర్లు పైకి లాక్కునే తాడు అక్కడుంది. ప్రహరీ గోడవతలికి వదిలాను. గోడవతల నుంచి సిస్టరుగారు సీసా కట్టి, అరిచి చెప్పారు. గిన్నెలో గీత దాకా పొయ్యి, స్విచ్చి వెయ్యి, మాస్కు గట్టిగా అదిమి పట్టుకో అని. పోశాను. కొంత ఒలికింది. మిషను గుర్రుమంది. పొగ వచ్చింది. ఉగ్గబట్టుకుని దాని డొక్కలే చూస్తూ కూచున్నాను. మెల్లగా కుదుటపడ్డాయి.

ఈలోగా అన్ని కిటికీల కిందా అరుపులు మొదలయ్యాయి. ఆ గోలేమిటన్నారు మంత్రిగారు.

“బంధువులు సార్. ప్రేమ,” అన్నారు గురునాథరావు గారు.

మంత్రిగారు నా భుజం తట్టి హితవు చెప్పారు. “బయటివాళ్ళు సవాలక్ష చెబుతారు సిస్టర్. మీ ట్రైనింగును మీరు నమ్ముకోండి.”

ఆయన కారెక్కి వెళ్ళిపోయారు. ఉత్తర్వు మాత్రం ఉండిపోయింది, నాలుగింటి దాకా. సిబ్బంది క్షణమైనా రోగి మంచం వదలకుండా సేవ చేశారని మర్నాడు పేపర్లో వేశారు. అందులో అబద్ధమేమీ లేదు. ఎవరి మంచం దగ్గర వాళ్ళం కూచున్నాం.

ఎండెక్కింది. పాప నా ఒళ్ళో నిద్రపోతోంది. గోడవతల సిస్టరుగారు, పక్కన లుంగీలో డాక్టరుగారు, తలలెత్తి కిటికీ వంక చూస్తున్నారు.

“అమ్మా, పాపకి ఎలా ఉంది?” అంది ఆవిడ, గోడ పట్టుకుని.

“పెద్దడాక్టరుగారొచ్చాక సెప్తాం,” అన్నాను. “అక్కడ గోల సెయ్యకండి.”