మారదని రాసిన నలభై కుండలు

ఒక పెద్ద అడవిలో నీళ్లు వదలాలన్నా ఆపాలన్నా కంప్యూటరే దిక్కు. ఏ జాతికి రోజుకు ఎన్ని కుండలో దాని కడుపులో అంకెలుంటాయి. ఆ అంకెను చూసే కాలువ తూములు తెరుచుకుంటాయి. ఆ ప్రోగ్రామును ముప్పై ఏళ్ల కిందట సి భాషలో రాసింది ఒక తాబేలు. అది ఇంకా ఆ ఆఫీసులోనే, మూల బల్ల దగ్గర ఉంది గానీ దాన్ని పలకరించే నాథుడు లేడు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. దుప్పుల వాటా రోజుకు నలభై కుండలు, అందేది ఏనాడూ అంత లేదు. పిల్లల నాలుకలు పిడచకట్టుకుపోతుంటే చూడలేక, వాటి పెద్ద చుక్కమ్మ నేరుగా సింహరాజు దగ్గరకెళ్లింది. ఇలాగైతే ఏరు దాటి పక్క అడవికి పోతామని చెప్పేసింది. రాజు గుండె గుభేలుమంది. దుప్పుల మీద ప్రేమ కాదులెండి, మధ్యాహ్న భోజనం మీద. నలభై ఇక మారనే మారదని నిండు సభలో మాటిచ్చి, ఆ మాటను ప్రోగ్రాములో ఎక్కించమని నెమలిని పిలిపించాడు.

నెమలిగారు పెద్ద జీతం మీద వేరే అడవి నుంచి దిగినవారు. వేరే భాషల్లో పదిహేనేళ్ల అనుభవం, సిలో పదిహేను రోజులు. తాబేలును ఒక మాట అడుగుదామా అని ఎవరో అంటే పురి విప్పి నవ్వారట.

"మారకూడదంటే కాన్‌స్ట్ అని రాస్తే సరి. ఏ భాషలోనైనా కాన్‌స్ట్ అంటే కాన్‌స్టే" అన్నారు.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. సి భాషలో పాయింటర్ అంటే చిరునామా రాసిన చీటీ. అంకె ఒకచోట ఉంటుంది, అదెక్కడుందో చీటీ చెబుతుంది. ఒకే అంకెకు ఎన్ని చీటీలైనా ఉండొచ్చు. దుప్పుల వాటాకు రెండున్నాయి, ఒకటి దుప్పుల తూము చేతిలో, ఇంకోటి నీటి శాఖ కార్యదర్శి నక్క చేతిలో. నెమలిగారు తూము చీటీలో, ఇది చీటీ అని తెలిపే నక్షత్రం గుర్తుకు ముందు కాన్‌స్ట్ రాసి చేతులు దులుపుకున్నారు. సన్మానం జరిగింది. నక్క దగ్గరుండి శాలువా కప్పింది.

మూడో రోజుకల్లా ఇరవై కుండలే వచ్చాయి. మిగతా ఇరవై నక్క పుచ్చతోటకు పారాయి.

చుక్కమ్మ ఆఫీసుకొస్తే, ఎండలకు కంప్యూటర్ వేడెక్కి ఉంటుందన్నారు నెమలిగారు. ఆమె నేరుగా మూల బల్ల దగ్గరకు నడిచింది. తాబేలు కళ్లజోడు సవరించుకుని ఆ వరుస చదివింది.

"తల్లీ, ఈ కాన్‌స్ట్ అంకె మీద లేదు. మీ తూము చీటీ మీద ఉంది. ఈ చీటీ పట్టుకుని అంకె జోలికి పోనని మీ తూము ఒట్టేసింది, అంతే."

"మరి నక్క చీటీ?"

"అది ఏ ఒట్టూ వెయ్యలేదు."

చుక్కమ్మకు ఒళ్లు మండింది. "మా వాటా మారదని మాచేతే ఒట్టేయించారా?"

"అంతేనమ్మా. పైగా మీ చీటీని ఇంకో అంకె మీదకు తిప్పేయొచ్చు కూడా. ఆ దారి మూయాలంటే కాన్‌స్ట్ నక్షత్రం తర్వాత రాయాలి."

నెమలిగారు చాటుగా విన్నారు. విన్నది ఆఖరి ముక్క ఒక్కటే. వెంటనే కాన్‌స్ట్‌ను నక్షత్రం ముందు నుంచి పీకి తర్వాత పెట్టారు. ఇప్పుడు చీటీ కదలదు, బానే ఉంది. కానీ పాత ఒట్టు పోయింది కదా! నక్కకు సొంత చీటీతో పనే లేకపోయింది. తూము చీటీతోనే అంకెను పదికి దించింది. రికార్డులో మాత్రం దుప్పులే తమ వాటా తగ్గించుకున్నట్టు పడింది. నీటి శాఖ వాటి త్యాగాన్ని కొనియాడుతూ ఒక ప్రకటన కూడా ఇచ్చింది.

చుక్కమ్మ మళ్లీ వచ్చింది. నెమలిగారు ఈసారి నక్షత్రానికి అటూ ఇటూ కాన్‌స్టులు దిగ్గొట్టారు. ఇక తూము చీటీ కదలదు, దాంతో అంకెనూ మార్చలేరు. ముచ్చటగా ఉంది. నక్క తన పాత చీటీ బయటకు తీసి అంకెను రెండు చేసింది. రాజు తనిఖీకి వచ్చే రోజున పొద్దున్నే నలభై చేసి, ఆయన వెళ్లాక మళ్లీ రెండు చేసేది.

కబురు ఎలాగో రాజు చెవిన పడింది. ఆయన గర్జనకు ఆఫీసు కిటికీలు అదిరాయి. రేపే తనిఖీ, అంకె మారితే తలకాయలు లేస్తాయన్నాడు. నెమలిగారు మొట్టమొదటిసారి చెయ్యాల్సిన పని చేశారు. చీటీలు వదిలేసి, కాన్‌స్ట్‌ను సాక్షాత్తూ అంకె మీదే పెట్టారు. ఏ చీటీ పట్టుకొచ్చినా ఇక అది మారదు. పక్కాగా కుదిరింది.

కాకపోతే ఆ పూట అక్కడున్న అంకె రెండు.

మర్నాడు పొద్దున్నే నక్క నలభై చేద్దామని వచ్చింది. ఎన్ని తిప్పలు పడ్డా అంకె చెక్కుచెదరలేదు. పుచ్చకాయలు తిన్న నోరు ఎండిపోయింది. అప్పటికే దుప్పులు ఏటి ఒడ్డుకు చేరాయి. తాబేలు పడుతూ లేస్తూ వెనకాలే వచ్చి, అరగంట ఆగితే ప్రోగ్రాము తిరగరాసి నలభై పెట్టేస్తానంది.

చుక్కమ్మ ఆగింది. "నీ మంచితనం నాకు తెలుసు తాతా. నువ్వు నలభై రాస్తావు. రేపు ఆ ఆఫీసులో ఎవరు కూర్చుంటారో నువ్వు చెప్పగలవా?"

తాబేలు పక్కకు జరిగి దారిచ్చింది. పిల్లలు ముందు కడుపునిండా తాగాయి, తర్వాత మంద ఏరు దాటింది.

రాజు తనిఖీకి వచ్చేసరికి తూములో రెండు కుండలు, మైదానంలో ఒక్క దుప్పీ లేదు. భోజనం వేళ అయింది. అంకె మారలేదు కదా ప్రభూ అని నెమలిగారు పురి విప్పి విన్నవించుకున్నారు. రాజు ఆ పూటకు ఆయనతో సరిపెట్టుకున్నాడు. మర్నాటికి నక్క ఉండనే ఉంది.

ఇంత విన్నాక మీకో నీతి కావాలంటే ఇదుగో: మారదని ఎవరైనా హామీ పత్రం ఇస్తే కళ్లకద్దుకోండి, కానీ మార్చనని దానికింద సంతకం చేసింది మీరేనేమో ముందు చూసుకోండి.