మా ఆయనకి వేవిళ్ళు

కడుపుతో ఉన్న ఆడదానికి అన్నిటికంటే గొప్ప మందు ఏది? ఫోలిక్ యాసిడా? దానిమ్మకాయా? గ్లాసుడు పాలా? కాదు. గుట్టు!

నెల తప్పిన సంగతి మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకపోవడమే ఉత్తమ వైద్యమని నా నిశ్చితాభిప్రాయం. ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివినదాన్ని, ఊరికే అనను. స్వయంగా వాడి చూసి చెబుతున్నాను.

మా పెళ్ళయి ఐదు నెలలు. మా ఆయన పేరు నగరేశ్వరరావు. నరసన్నపేట బజారులో వాళ్ళకి స్టీలు సామాన్ల కొట్టు. అంత పొడుగు పేరు పిలవలేక 'నగూ' అంటాను. అన్నప్పుడల్లా కొట్లో గిన్నెలన్నీ ఒక్కసారి దొర్లినట్టు నవ్వుతారు. ఆ నవ్వు వినడానికే రోజుకి నలభైసార్లు పిలుస్తాను.

టెస్టు స్ట్రిప్పు మీద రెండో గీత కనబడగానే ఆయన దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "నిజంగా రెండేనా? ఇంకోసారి లెక్కపెట్టు!" అన్నారు. బీకాం ఫస్టుక్లాసు మనిషి!

మా అత్తయ్య కన్యాకుమారి గారు అక్కడికక్కడే ఆర్డరు జారీ చేశారు. "మూడో నెల ఎల్లీదాకా నోరిప్పకండి. గాలిక్కూడా తెలీకూడదు. దిష్టి తగిలిపోతాది!" శ్రీముఖలింగంలో స్వామికి మొక్కు కూడా గుసగుసగానే మొక్కారు.

గుట్టు వల్ల లాభాలు చూడండి. ఎవరూ సలహాలివ్వరు. పొద్దున్నే పెరట్లో వాంతి చేసుకుంటుంటే పక్కింటి తాతమ్మ గారు గోడ మీంచి, "ఏటమ్మా, పేనం బాగోనేదా?" అంటారు. "గేసండీ" అంటాను. కాఫీ వాసనకి పారిపోతే గేసు. పెళ్ళి భోజనంలో వంకాయ చూసి లేచిపోతే గేసు. ఇంత గేసున్న ఇంటికి సిలిండరు ఎందుకు తెప్పిస్తున్నారా అని ఆవిడకి పెద్ద అనుమానం!

రెండో లాభం, బహుమతులు. సంగతి తెలీదు కాబట్టి ప్రతివాళ్ళూ ప్రేమగా ఒక బిళ్ళ ఇచ్చిపోతారు. తాతమ్మ గారు తన గేసు బిళ్ళ ఇచ్చారు. మరిది సాయికిరణ్ దగ్గుకి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ ఇచ్చాడు. "సగం కోర్సు అలాగే ఉండిపోనాది వదినా, పాడైపోతాది!" పాచిపని చేసే చిన్నతల్లి ఏదో వేరు నూరిన పొడి పొట్లం కట్టి తెచ్చింది. పేరడిగితే, "పేరెందుకమ్మా, మింగీ!" అంది. అన్నీ కాజాల డబ్బాలో దాచాను. మూత పెట్టేటప్పుడు కొంచెం నొక్కాలి.

మూడో లాభం, ప్రయాణాలు. మా ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళితే గుట్టు రట్టవదూ? అందుకని శ్రీకాకుళం వెళ్ళాం, డాక్టరు యమున గారి దగ్గరికి. హాల్లో మా వీధి కోడళ్ళే ఇద్దరు కనబడ్డారు. "కళ్ళజోడు కోసం వచ్చాను" అంది ఒకావిడ. "నేనూ అందుకే!" అంది రెండో ఆవిడ. గర్భిణుల ఆస్పత్రిలో కూర్చుని ముగ్గురమూ అరగంటసేపు కళ్ళజోళ్ళ గురించి మాట్లాడుకున్నాం.

డాక్టరమ్మ బరువు చూశారు, బీపీ చూశారు. రక్తం, మూత్రం పరీక్షలకి రాశారు. ఫోలిక్ యాసిడ్ ఇప్పటినుంచే, ఐరనూ కాల్షియమూ మూడో నెల దాటాక, అదీ రెండూ ఒకే పూట కాదు. పన్నెండో వారం వచ్చేసరికి స్కానింగు. "నా థైరాయిడ్ మాత్ర మానెయ్యనా మేడమ్? మందులు మంచివి కావంటున్నారు కదా" అన్నాను తెలివిగా.

"మానితే ఊరుకోను! ఎంత వేసుకోవాలో నేను చూస్తాను. కొత్తది ఏదైనా మాత్రం, బిళ్ళ కానీ పొడి కానీ, నన్నడక్కుండా వద్దు. మందిచ్చేవాళ్ళకి మొదట చెప్పాల్సింది నీ పేరు కాదమ్మా, నీ నెల."

బుద్ధిగా తలూపాను. బస్సు నరసన్నపేట చేరేసరికి మళ్ళీ గేసు.

ఇప్పుడు అసలు లాభానికి వస్తాను. గుట్టు మా ఆయన్ని ఎంత త్యాగమూర్తిని చేసిందో తెలుసా? డాక్టరమ్మ సరేనన్న గేసు సిరప్పు అయినా, ఓఆర్ఎస్ పొట్లాలైనా, మా బజారులో జగన్నాధం గారి మెడికల్ షాపుకి ఆయనే వెళతారు. "ఎవులికి బాబూ?" అని జగన్నాధం గారు అడుగుతారు. "నాకే" అంటారు ఈయన. నా వాంతులు ఆయనవి, నా తలతిరుగుడు ఆయనది. ఏ భర్త చేస్తాడండీ ఇంత?

మొన్న మంగళవారం పొద్దున్న తల పగిలిపోయేంత నొప్పి. ఆయన చెప్పులైనా వేసుకోకుండా జగన్నాధం గారి షాపుకి పరిగెత్తారు.

"మొన్న వాంతులూ నీకే, నిన్న తలతిరుగుడూ నీకే, ఇయ్యాల తలనొప్పీ నీకే! కుర్రోడివి, ఏటైపోనాదిరా నీకు? ఇదిగో, ఇది ఏసుకో. గట్టి బిళ్ళ. గుర్రంలాగ లెగుస్తావు!"

గుర్రం మాత్ర నా అరచేతిలోకి వచ్చింది. రెండో చేతిలో నీళ్ళ గ్లాసు. నొప్పిలో నోరు తెరిచాను కూడా. ఎందుకో డాక్టరమ్మ గొంతు గుర్తొచ్చి ఫోన్ చేసి, అట్ట మీద పేరు చదివాను.

డాక్టరమ్మ ఆ పేరు మళ్ళీ చదివించారు. "ఎవరికిచ్చారమ్మా ఇది?"

"మా ఆయనకి."

"అయితే ఆయనకే వెయ్యి! ఈ రకం నొప్పి మాత్రలు నువ్వు ముట్టుకోకూడదు. నీకు పనికొచ్చేది వేరే ఉంది, ఎంత వెయ్యాలో చెబుతాను, రాసుకో. సాయంత్రానికి తగ్గకపోతే బీపీ చూపించుకోవాలి, బయల్దేరి వచ్చెయ్యి."

గ్లాసు కింద పెట్టాను. తొమ్మిదో వారం. ద్రాక్షపండంత ఉంటుందట. ఆ ద్రాక్షపండుకి ఏది పడితే అది మింగించబోయిన మెడికల్ షాపుని నేనే.

మా ఆయన నా మొహం చూసి నవ్వలేదు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఇద్దరం కలిసి బజారుకి నడిచాం. కౌంటరు దగ్గర ఎవరున్నారో కూడా చూడలేదు నేను.

"జగన్నాధం గారూ, ఆ వాంతులు ఆయనవి కావు, నావి. నేను ఒట్టిమనిషిని కాను. మూడో నెల."

పెద్దాయన మొహం పాలిపోయింది. "సెప్పొద్దేటమ్మా! తెలిస్తే ఆ బిళ్ళ ఇస్తానేటి?"

లోపల మందుల పెట్టెలు సర్దుతున్న ఆయన భార్య రాజకుమారి గారు తల బయటపెట్టారు. "నాకు నెల్రోజులై తెలుసు!"

"మరి నాకు సెప్పవేటే?"

"ఆడాళ్ళ ఇసయం, మగోడివి నీకెందుకూ? ఎవులికీ సెప్పనని కన్యాకుమారమ్మ ఒట్టేయించుకున్నాది!"

"నాసేతా ఏయించుకున్నాది" అంది నా వెనక బుట్టతో నిలబడ్డ పూలమ్మే దేవి.

వెనక్కి తిరిగి చూస్తే, సందు మొదట్లో తాతమ్మ గారు. "నీ గేసు సంగతి నాకూ తెలుసులే పిల్లా. అత్తగారు ఒట్టేయించుకున్నాది గదా అని నాను కూడా గేసు బిళ్ళే ఇచ్చినాను!"

అంటే బజారంతటికీ తెలుసన్నమాట. తెలియనిది ఒక్కరికే. మందిచ్చే మనిషికి!

కాబట్టి పాఠకులారా, నా నిశ్చితాభిప్రాయంలో చిన్న సవరణ. గుట్టు గొప్ప మందే. కానీ దానిక్కూడా ఒక మోతాదు ఉంది. ఎవరి కంటా పడకుండా దాచుకోండి, డాక్టరు కంటా మెడికల్ షాపు కంటా తప్ప. మా కాజాల డబ్బా ఖాళీ చేశాం. అందులో ఇప్పుడు కాజాలే ఉన్నాయి. తలనొప్పి సాయంత్రానికి తగ్గింది. మా ఆయన మళ్ళీ నవ్వుతున్నారు.

అన్నట్టు, మూడో నెల ఇంకా దాటలేదు. ఇదంతా మీకు చెప్పానని మా అత్తయ్యకి మాత్రం చెప్పకండి. ఏదీ, ఒట్టెయ్యండి!