ఇస్త్రీ అక్క చదివిన నూట పన్నెండు పుస్తకాలు

దేశంలో ఇకమీదట చదవనివాడంటూ ఉండబోడని గ్రంథాలయ శాఖ మంత్రిగారు ఒక సోమవారం ఉదయం ప్రకటించారు. ప్రకటన రాసింది వేరొకరైనా ఆవేశం మాత్రం పూర్తిగా మంత్రిగారి సొంతం. "ప్రతి ఇంటా ఒక పాఠకుడు! ప్రతి పాఠకుడికీ ఒక అభిప్రాయం!" అన్న నినాదాన్ని ఆయన మూడుసార్లు పలికారు. మూడోసారికి సభ మొత్తం గొంతు కలిపింది. కలిపితేగానీ ఆయన కూర్చునేలా లేరు మరి.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. ప్రతి శాఖా గ్రంథాలయానికీ రోజుకు కనీసం నలభై మంది పాఠకులు రావాలి. వచ్చినవాళ్లు ఏ పుస్తకం చదివారో, దాని మీద వాళ్ల అభిప్రాయమేమిటో రిజిస్టరులో ఉండాలి. మూడు నెలల్లో ఆ అంకె అందుకోని గ్రంథాలయాన్ని విలీనం చేస్తారు. విలీనమంటే ఏమిటో శాఖలో అందరికీ తెలుసు. పోయినసారి విలీనమైన గ్రంథాలయం ఇప్పుడు శాఖవారి కార్లకు షెడ్డుగా సేవలందిస్తోంది.

మన లైబ్రేరియన్ ఆ సర్క్యులర్‌ని రెండుసార్లు చదివాడు. పదిహేడేళ్ల సర్వీసులో ఆయన మొదటి నుంచి చివరిదాకా చదివిన రచన అదొక్కటే. అలాగని చెడ్డవాడేం కాదు. కుర్చీ కిటికీ పక్కకి జరుపుకోవడం, ఫ్యాను గాలికి పేపరు ఎగరకుండా మడిచి పట్టుకోవడం, మధ్యాహ్నం పూట కళ్లు మూసుకుని దీర్ఘంగా ఆలోచించడం తెలిసిన మనిషి. పుస్తకాలను అట్ట రంగును బట్టి, బరువును బట్టి గుర్తుపట్టేవాడు. "పదిహేడేళ్లు పుస్తకాల మధ్య బతికి ఒక్కటీ చదవకుండా ఉండటమంటే మాటలా? ఎంత నిగ్రహం కావాలి!" అని తన మీద తనే జోకు వేసుకునేవాడు. అటెండరు నవ్వేవాడు. అది కూడా అటెండరు డ్యూటీలో భాగమే.

"ప్రస్తుతం రోజుకి ఎంతమంది వస్తున్నారోయ్?" అని అడిగాడు లైబ్రేరియన్.

"పేపరు కోసం ఇద్దరు రిటైరైనవాళ్లు. బాత్రూమ్ కోసం ఒక డ్రైవరు. ముగ్గురు సార్."

"డ్రైవర్ని పాఠకుడంటే ఒప్పుకుంటారా?"

"లోపలికెళ్లేటప్పుడు పేపరు పట్టుకునే వెళ్తాడు సార్. ఒప్పుకోవాలి."

మిగతా ముప్పై ఏడుగురి కోసం ఉద్యమం మొదలైంది. సిబ్బంది రోజూ పది నుంచి ఐదు దాకా వీధివీధీ తిరిగి జనాన్ని గ్రంథాలయానికి పిలవాలని శాఖ ఆదేశం. సిబ్బంది ఇద్దరే. ఒకరు మైకు, ఒకరు కరపత్రాలు. కాబట్టి వెళ్లేముందు గ్రంథాలయానికి తాళం వేసుకుని వెళ్లేవాళ్లు. పన్నెండో రోజున వాళ్ల పిలుపు విని పదకొండు మంది నిజంగానే వచ్చారు. తాళం చూశారు. తాళం పైన అంటించిన "గ్రంథాలయానికి రండి" అన్న పోస్టరు కూడా చూశారు. వెళ్లిపోయారు.

ఈ సంగతి లైబ్రేరియన్‌కి చెప్పింది ఇస్త్రీ అక్క.

గ్రంథాలయం ప్రహరీ లోపల, సన్‌షేడ్ కింద ఆమె బండి ఉంటుంది. రెండొందల ఇళ్ల బట్టలు ఆమె చేతి మీదుగా వెళ్తాయి. కాలరు లోపల రంగు దారంతో వేసిన చిన్న కుట్టు చూసి ఏ చొక్కా ఏ ఇంటిదో, ఆ ఇంట్లో పెద్దాయనదో చిన్నాయనదో చెప్పేస్తుంది. నాలుగేళ్లలో ఒక్క జేబురుమాలు తారుమారు కాలేదు. అక్షరం మాత్రం ఒక్క ముక్క రాదు. పోయిన నెల ఒకావిడ ఖరీదైన గౌను మడతలో "దీనికి వేడి తగలనివ్వొద్దు" అని చీటీ రాసి పెట్టింది. అక్క ఆ చీటీని జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, గౌనుకి వేడి తగిలించింది. ఆ వారమే ఆ అపార్ట్‌మెంటులో ముప్పై ఇళ్ల బట్టలూ ఇంకో బండికి వెళ్లిపోయాయి.

అప్పట్నుంచీ ఆమెకి ఒకటే ధ్యాస. గ్రంథాలయం గోడ మీద "సాయంకాల అక్షర తరగతి త్వరలో" అని బోర్డు ఉంది. అది ఏం చెప్తోందో అటెండరు చదివి చెప్పిన రోజునే ఆమె గుర్తింపు కార్డు కాపీ ఇచ్చి పేరు రాయించుకుంది. తనలాంటివాళ్లను మరో ముప్పై ఆరుగురిని వెంటబెట్టుకొచ్చి రాయించింది.

"త్వరలో అంటే ఎప్పుడు సారూ?"

"త్వరలోనే అక్కా."

"నాకు ముందు వరసలో సీటు పెట్టండి. దూరం చూపు ఆనదు."

"అలాగేలే" అనేవాడు లైబ్రేరియన్. అలాగేలే అనడంలో ఆయనకి పదిహేడేళ్ల అనుభవం ఉంది.

గడువు రోజులు కరిగిపోతున్నాయి. ఒక రోజు అటెండరు తలుపు దగ్గరగా వేసి మెల్లగా అన్నాడు. "జనాన్ని తేవడం కష్టం సార్. రాయడం తేలిక."

"పేర్లు రాస్తే సరిపోదయ్యా. కార్డు నంబర్లు కావాలి."

అటెండరు బీరువా తెరిచి అక్షర తరగతి ఫైలు తీశాడు. కార్డు కాపీలు లెక్కపెట్టాడు. సరిగ్గా ముప్పై ఏడు.

ఆ విధంగా, ఆ ప్రాంతంలో చదవడం రాదని స్వయంగా రాతపూర్వకంగా ఒప్పుకున్న ముప్పై ఏడుగురూ ఒకే మధ్యాహ్నం పాఠకులైపోయారు. అక్షరాస్యతా ఉద్యమ చరిత్రలో ఇంత వేగం మునుపెన్నడూ లేదు. అయినా లైబ్రేరియన్‌కి మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. అందుకని ఇస్త్రీ అక్కని మాత్రం అడిగాడు.

"నీ పేరు కాస్త వాడుకుంటాం అక్కా."

"వాడుకోండి సారూ. అందరూ నన్ను ఇస్త్రీ అక్కా అనేవాళ్లే. పెట్టినప్పట్నుంచీ ఊరికే పడుంది ఆ పేరు."

మొదటి వారం నలభై మంది అభిప్రాయమూ "బాగుంది" అనే. రెండో వారం డివిజనల్ ఆఫీసరు ఫోను చేశాడు.

"ఏమయ్యా, నలభై మందికీ నలభై పుస్తకాలూ బాగున్నాయా? ఎవరు నమ్ముతారు? కనీసం పది శాతం మందికి బాగోకూడదు. ఎందుకు బాగోలేదో కూడా ఉండాలి. అభిప్రాయంలో పుస్తకం కనపడాలయ్యా!"

పుస్తకం కనపడాలంటే ముందు ఎవరో ఒకరు దాన్ని చూడాలి. అటెండరు కళ్లజోడు లేదన్నాడు. ఇక చేసేదేం లేక లైబ్రేరియన్ ఒక నవల సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లాడు. భార్య ఆ పుస్తకాన్నీ ఆయన మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఒంట్లో బాగానే ఉందా అండీ?"

"ఆఫీసు పని."

"పదిహేడేళ్లలో ఆఫీసు పని ఇంటికి తేవడం ఇదే మొదలు. ఆఫీసులో కూడా చేసిన గుర్తు లేదు."

ఆ నవల మూడో రోజుకి పూర్తయింది. చివరి పేజీ దగ్గర ఆయనకి కళ్లు తడిశాయి. ఆ నవల పదిహేడేళ్లుగా తన కుర్చీ వెనకే, రెండో అరలోనే ఉంది. చెయ్యి చాపితే అందేది. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకి నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. మర్నాడు ఇంకోటి పట్టుకెళ్లాడు. దొంగ రాతలు రాయడానికి మొదలుపెట్టిన చదువు తెలియకుండానే ఆయన్ని పట్టుకుంది.

బాగా నచ్చిన పుస్తకాల అభిప్రాయాలన్నీ ఇస్త్రీ అక్క పేరు మీద రాసేవాడు. ఆమె అయితే ఎలా అంటుందా అని కిటికీలోంచి చూస్తూ రాసేవాడు. ఒక నవల గురించి, "ఎత్తుగడ బాగుంది, మధ్యలో నలిగింది, చివర తొందరపడి వేడి ఎక్కువ పెట్టడంతో మాడింది" అని రాశాడు. ఒక కవితా సంపుటికి, "గంజి ఎక్కువైంది, కదిలితే చప్పుడవుతోంది." ఒక పెద్దమనిషి ఆత్మకథకి, "జనానికి కనపడే వైపు మాత్రమే ఇస్త్రీ చేశారు."

శాఖవారి మాసపత్రిక ఈ అభిప్రాయాలను వరసగా అచ్చేసింది. ఇది కదా ప్రజల గొంతు అని జాయింట్ డైరెక్టరుగారు రెండు మీటింగుల్లో ప్రస్తావించారు. మూడు నెలలు తిరిగేసరికి గ్రంథాలయానికి విలీనం గండం తప్పింది. దాంతోపాటే, నూట పన్నెండు పుస్తకాలు చదివిన ఇస్త్రీ అక్కకి ఉత్తమ పాఠకురాలి అవార్డు ప్రకటించారు. తొంభై రోజుల్లో నూట పన్నెండు పుస్తకాలు సాధ్యమా అని శాఖలో ఎవరూ అడగలేదు. ఒక పుస్తకం చదవడానికి ఎంతసేపు పడుతుందో అక్కడ ఎవరికీ తెలియదు. ఈ కథ రాస్తున్నవాడికి కూడా అంత కచ్చితంగా తెలియదు.

ఆ కబురు పట్టుకుని లైబ్రేరియన్ బండి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"అక్కా, నీకు మంత్రిగారు సన్మానం చేస్తారట."

"నేనేం చేశాను సారూ?"

"చదివావు."

"ఎప్పుడు?"

"మొన్న మూడు నెలలూ."

ఆమె ఇస్త్రీపెట్టె దించింది. "అయితే నాకు చదువొచ్చేసిందా?"

"కాగితం మీద వచ్చింది అక్కా."

"కాగితం మీద వస్తే ఏం లాభం సారూ, నాకు రావాలిగానీ. సరే, మీ ఉద్యోగానికి మాటొస్తుందంటే వస్తాను. మరి ఆ క్లాసు పెట్టిస్తారా?"

"ఒట్టు" అన్నాడు లైబ్రేరియన్. ఈసారి అలాగేలే అనలేదు. నిజంగానే అన్నాడు.

సభ ఘనంగా జరిగింది. మంత్రిగారు ఇస్త్రీ అక్కకి జ్ఞాపిక ఇచ్చారు, అద్దం కట్టించిన ప్రశంసాపత్రం ఇచ్చారు, ఫొటోకి కుడివైపూ ఎడమవైపూ తిరిగారు. తర్వాత మైకు ఆమె ముందు పెట్టి అడిగారు.

"చెప్పమ్మా, నువ్వు చదివిన నూట పన్నెండింటిలో నీకు బాగా నచ్చిన పుస్తకమేది?"

ఆమె మూడో వరసలో ఉన్న లైబ్రేరియన్ వైపు చూసింది. ఆయన తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాడు. ఆమె మైకు వైపు తిరిగింది.

"అబద్ధం ఎందుకండీ. నాకు అక్షరం ముక్క రాదు."

ఇక పుట్టి మునిగిందని లైబ్రేరియన్ కళ్లు మూసుకున్నాడు. ఒక్క క్షణం ఆయనకి హాయిగా కూడా అనిపించింది. అయిపోయింది, ఇక దాచడానికేం లేదు అనుకున్నాడు.

మంత్రిగారు రెండు చేతులూ పైకెత్తారు.

"విన్నారా? నూట పన్నెండు పుస్తకాలు చదివి, నాకు అక్షరం రాదంటోంది! ఒక్క పుస్తకం చదివినవాడు ఊరంతా డప్పు కొట్టుకునే ఈ రోజుల్లో! అమ్మా, ఇదీ చదువంటే! ఇదీ వినయమంటే!"

హాలు మొత్తం లేచి నిలబడింది. జాయింట్ డైరెక్టరుగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. "కాదండీ, నిజంగానే..." అని ఆమె ఏదో అనబోయింది, చప్పట్లలో వినపడలేదు. ఆ చప్పట్లు అందరికంటే గట్టిగా కొట్టింది లైబ్రేరియనే. ఆపితే ఆమె మాట వినిపిస్తుందని ఆయన భయం.

మర్నాడు ఆమె ప్రశంసాపత్రాన్ని బండికి తగిలించి ఆయన్ని పిలిచింది. "ఏ వైపు పైకి రావాలో చూసి చెప్పండి సారూ." ఆయన తిరగేసి సరిగ్గా పెట్టాడు.

ఇచ్చిన మాట కోసం ఆయన శాఖకి ఉత్తరం రాశాడు. మొదట ఉన్నదున్నట్టు రాశాడు: రిజిస్టరంతా నేనే రాశాను, వీళ్లెవరికీ చదవడం రాదు, దయచేసి తరగతి మంజూరు చేయండి. బాగా వచ్చింది ఉత్తరం. నూట పన్నెండు అభిప్రాయాలు రాసిన చెయ్యి కదా. దాన్ని రెండుసార్లు చదువుకుని, కార్ల షెడ్డు గుర్తొచ్చి, నాలుగు ముక్కలు చేశాడు. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని, వివరణ లేకుండా, అక్షర తరగతి ఫారంలో ముప్పై ఏడు కార్డు నంబర్లూ కొట్టి పంపేశాడు. ఆయన ధైర్యం అంతవరకే వచ్చింది.

పది రోజుల్లో జవాబొచ్చింది. శాఖ అంత త్వరగా జవాబివ్వడం అటెండరు కూడా ఎరగడు. మీరు పంపినవారిలో ముప్పై ఆరుగురు మా రికార్డుల ప్రకారం చురుకైన పాఠకులు కాబట్టి వారికి తరగతి అవసరం లేదు. వంద పుస్తకాలు దాటిన ఒక్కరిని మాత్రం నిబంధన ప్రకారం తరగతికి స్వచ్ఛంద బోధకురాలిగా నియమించడమైనది. విద్యార్థులు ఈ ప్రాంతంలో మిగల్లేదు కాబట్టి పక్క డివిజను నుంచి బస్సులో పంపబడతారు. సోమవారం నుంచి ప్రారంభం.

ఆర్డరు కాపీ ఒకటి నేరుగా ఇస్త్రీ అక్కకే వచ్చింది. ఆమె దాన్ని చొక్కాల కింద నలగకుండా దాచుకుని, ఐదు గంటలకి లోపలికి తీసుకొచ్చింది. చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని వచ్చింది.

"ఏముందో చదవండి సారూ. క్లాసులో చోటొచ్చిందా?"

లైబ్రేరియన్ ఆ కాగితం అందుకున్నాడు. అటెండరు కిటికీ వైపు తిరిగిపోయాడు.

"వచ్చిందక్కా."

"ముందు వరసేనా?"

"అందరికంటే ముందు."

ఆమె మొహం వెలిగిపోయింది. "ఎంత మంచివారు సారూ మీరు! మాట మీద నిలబడ్డారు." గుమ్మం దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. "పలక నేనే కొనుక్కోవాలా?"

"అక్కర్లేదక్కా" అన్నాడు లైబ్రేరియన్. "సుద్దముక్కలు వాళ్లే ఇస్తారు."