తోబిహామ మ్యూజియం ఆఖరి రోజులు

…కుర్చీ వద్దులే తల్లీ, ఈ రోలు మీదే బాగుంది. మోచి ముద్దలకి అన్నం దంచనప్పుడు బోర్లించుకుంటే దీన్ని మించిన ఆసనం లేదు. నువ్వు కలం పట్టుకో. పత్రికకి పంపేది కాబట్టి మేయరు గారి మీద ఒక్క మాట కూడా తేలిగ్గా పడకూడదు. మీ నాన్న పేరు మాత్రం ఎక్కడా రాయకు. ‘ఒక అధికారి’ అని రాయి, చాలు. ఆ అధికారి ఎవరై ఉంటాడా అని ఊరంతా తల బద్దలుకొట్టుకుంటుంది. ఊఁ, కానీయ్.

తోబిహామ పట్టణ సభలో బడ్జెట్ రోజున మేయరు కురమోచి గారు లేచి నిలబడి, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, చరిత్రలో నిలిచిపోయే ప్రకటన చేశారు.

“మన పాతవస్తువుల మ్యూజియం తన కర్తవ్యాన్ని దిగ్విజయంగా నెరవేర్చింది. వచ్చే ఏడాది నుంచి దానికి బడ్జెట్ ఉండదు. అయితే దాన్ని మనం మూయడం లేదు. సంపూర్ణం చేస్తున్నాం.”

వెనక వరసలో ఒక సభ్యుడికి అప్పుడే మెలకువ వచ్చింది. “అంటే తెరిచే ఉంటుందాండీ?”

“ఉండదు.”

“మరి మూసేస్తున్నట్టేగా?”

“చేతకానివాళ్లు మూస్తారు. మనం సంపూర్ణం చేస్తాం.”

సభ చప్పట్లు కొట్టింది. ఆ సభ్యుడు కూడా కొట్టి మళ్లీ నిద్రపోయాడు. మేయరు గారిది గొప్ప దూరదృష్టి. ఆ మ్యూజియంలో ఆయన అడుగుపెట్టిన పాపాన పోలేదు. ఎప్పుడు చూసినా దూరం నుంచే చూశారు.

మ్యూజియం అంటే రేవు పక్కన పాత చేపల వేలం షెడ్డు. గడ్డితో అల్లిన వానకోట్లు, వలలకి కట్టే గాజు బుడగలు, ఎవరెవరి అమ్మమ్మలవో పెట్టెలు. వాటన్నిటి నడుమ సకుజో పడవ. దేవదారు చెక్కని తన చేత్తో చెక్కి, తన చేత్తో బిగించి, దాని మీదే ముసలివాడైన మనిషి సకుజో. చేతులు వణకడం మొదలయ్యాక మునిసిపాలిటీ వాళ్లొచ్చి, ఓ ప్రశంసాపత్రం ఇచ్చి, పడవని పట్టుకుపోయారు. చనిపోయేముందు సకుజో, తన భార్య ఇసోతో ఒకే మాట అన్నాడు.

“పడవకి నీళ్లన్నా ఉండాలి, నూనన్నా ఉండాలి. రెండూ లేకపోతే విచ్చిపోతుంది. కాస్త చూస్తూ ఉండవే.”

అప్పట్నుంచి ఇసో ప్రతి వారం వెళ్లి చూస్తూనే ఉంది. మ్యూజియానికి వచ్చే ప్రజానీకం అంటే ఆవిడే. ఈ చలికాలం పడవ అడుగు చెక్కలో ఒక పగులు కనబడింది. గోరు దూరేంత. ఇంటికి పోకుండా నేరుగా మునిసిపాలిటీ ఆఫీసుకే నడిచింది. అక్కడ ఒక అధికారి ఉన్నాడు. చిన్నప్పుడు ఇసో పెరట్లో పెర్సిమన్ పళ్లు దొంగిలించి పెద్దయినవాడు.

“ఏం నాయనా, మ్యూజియం మూసేస్తున్నారటగా. నా పడవ నాకిచ్చెయ్.”

“మూయడం కాదు పిన్నీ, సంపూర్ణం…”

“ఏదో ఒకటి చేసుకో. అది పగుళ్లిస్తోంది.”

అధికారి రూల్సు పుస్తకం తెరిచాడు. “చూడు పిన్నీ. మేయరు గారు జనం ముందు నిలబడి ‘మూసివేశాం’ అని నోటితో ప్రకటించాలి. ఆ మాట పడిందంటే చాలు, ఎవరి వస్తువు వాళ్లు పట్టుకుపోవచ్చు. మార్చి ఆఖరి ఆదివారం. ఇంకెంత, కళ్లు మూసి తెరిచేలోగా.”

ఇసో ఇంటికొచ్చి భర్త పటం ముందు అగరొత్తి వెలిగించి, “వస్తోంది నీ పడవ,” అని చెప్పింది.

ఆఖరి ఆదివారం ఏర్పాట్ల గురించి సభ ఒక పూటంతా చర్చించింది. ముఖ్యమైన ప్రశ్న పరదా. శుభానికైతే ఎరుపు తెలుపు చారలు, చావుకైతే నలుపు తెలుపు. ఇది ఏది?

“మూతపడటం అశుభం కదండీ,” అన్నారు ఒకరు.

“సంపూర్ణం శుభం కదండీ,” అన్నారు ఇంకొకరు.

మేయరు గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. “వేదిక ముందు వైపు ఎరుపు తెలుపు. వెనక వైపు నలుపు తెలుపు.” ఇంత బరువైన సమస్యని ఒక్క వాక్యంలో తేల్చిన మనిషిని తోబిహామ అంతకుముందు చూడలేదు.

ఆ ఆదివారం వచ్చింది. జనం కూడా వచ్చారు. మన వాళ్ల సంగతి తెలిసిందేగా. నడిచినన్నాళ్లు రైలెక్కరు గానీ, ఆఖరి రైలంటే చెయ్యి ఊపడానికి మూడు జిల్లాలు దాటొస్తారు. కొట్టు తెరిచి ఉన్నంతకాలం గడప తొక్కరు, షట్టరు దించే రోజున దాని ముందు వంగి దణ్ణం పెట్టి ఏడుస్తారు. అలాంటివాళ్లంతా పొడుగు కెమెరాలతో దిగారు. క్యూ లైట్‌హౌస్ దాకా వెళ్లింది. మత్స్యకారుల సంఘం ఆడవాళ్లు కాల్చిన స్క్విడ్‌కి ‘ఆఖరి స్క్విడ్’ అని పేరు పెట్టి అమ్మితే మధ్యాహ్నంలోపే అయిపోయింది. ఊరి గుర్తయిన నత్తగుల్ల వేషంలో ఒక మనిషి నిలబడి కళ్లలోంచి పైపుతో నీళ్లు కార్చాడు. చిన్నపిల్లలు జడుసుకున్నారు.

“ఎంత గొప్ప మ్యూజియమండీ!” అని ఒసాకా నుంచి వచ్చినాయన ముక్కు చీదుకున్నాడు. “ముందే తెలిసుంటే ముందే మూయించి ఉండేవాళ్లం కదా!”

మేయరు గారు వేదికెక్కి మైకు పట్టుకున్నారు. జనాన్ని చూసి కళ్లజోడు తీసి మళ్లీ తుడిచారు. ఎన్నికలప్పుడు కూడా అంత జనం రాలేదు. “మూసి… వే… శాం,” అన్నారు. దుకాణాలు మూసేవేళ వేసే పాట వేశారు. అందరూ ఏడ్చారు.

ఇసో చేతిబండి తోసుకుని లోపలికి వెళ్లబోతుంటే అధికారి చేతులు అడ్డం పెట్టాడు.

“కాస్త ఆగు పిన్నీ. మేయరు గారు ఏదో ఆలోచిస్తున్నారు.”

సాయంత్రం అయిదింటికి ఉత్తర్వు వచ్చింది. ప్రజల కోరిక మేరకు మూసివేత పొడిగించబడింది. వచ్చే నెల ఆఖరి ఆదివారం మళ్లీ మూస్తారు.

సభ బడ్జెట్ తిరగరాసింది. మ్యూజియం నడపడానికి ఎప్పటిలాగే సున్నా. మూయడానికి మాత్రం కావలసినంత. కొత్తగా ‘మూసివేత విభాగం’ పెట్టి, దానికి ఆ అధికారినే ఇన్‌ఛార్జిని చేశారు. ఆ శుభానికి ఇంట్లో ఎర్ర బీన్సు అన్నం వండుకున్నారు. ఇది కొట్టెయ్ తల్లీ, ఎవరింట్లో అని అడుగుతారు.

ఇసో మళ్లీ ఆఫీసుకి వెళ్లింది. ఇప్పుడు పగులులో పది యెన్‌ల బిళ్ల దూరుతోంది.

“పోనీ నూనన్నా రాయించు నాయనా.”

“మ్యూజియం మూతపడుతోంది కదా పిన్నీ. మూతపడేదానికి నూనె ఖర్చు పెడితే ఆడిట్ వాళ్లు ఊరుకుంటారా?”

“అయితే పడవ ఇచ్చెయ్.”

“మ్యూజియం ఇంకా మూతపడలేదు కదా పిన్నీ. తెరిచున్నదాంట్లోంచి వస్తువు ఇస్తే ఆడిట్ వాళ్లు ఊరుకుంటారా?”

“తెరిచుందా, మూసుందా?”

అధికారి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు. “అది తేలితే నా ఉద్యోగం ఉండదు పిన్నీ.”

ఏప్రిల్‌లో మూశారు. మేలో మూశారు. వానాకాలంలో మూసినప్పుడు గొడుగుల కింద జనం ఇంకా బాగా ఏడ్చారు. పక్క ఊరి పట్టణ సభ సభ్యులు బస్సేసుకుని స్టడీ టూర్‌కి వచ్చారు.

“మాకో ఆర్ట్ గ్యాలరీ ఉందండీ,” అన్నాడు వాళ్ల నాయకుడు, సిగ్గుపడుతూ. “దాన్ని కూడా ఇలా పైకి తేవాలని…”

“జనం వస్తారా?” అని అడిగారు మేయరు గారు.

“వస్తారండీ. రోజూ వస్తారు.”

మేయరు గారు జాలిగా నాలుక చప్పరించారు. “కష్టమే. ముందు దాన్ని మాన్పించాలి.”

వాళ్లు నోట్సు రాసుకున్నారు.

జనం పెరిగేకొద్దీ షెడ్డులో చోటు చాలలేదు. మొదట వానకోట్లు తీశారు, తర్వాత పెట్టెలు, తర్వాత గాజు బుడగలు. వాటి స్థానంలో వెనకటి మూసివేతల ఫోటోలు పెద్దవి చేసి తగిలించారు. జనం తాము ఏడ్చిన ఫోటోల్లో తమని వెతుక్కుని మళ్లీ ఏడ్చారు. జూన్ ఆఖర్న ఇసో వెళ్లేసరికి నడుమ పడవ కూడా లేదు. అది ఉన్నచోట గాజుపెట్టెలో మేయరు గారు రిబ్బను కత్తిరించిన కత్తెర ఉంది.

ఇసో నేరుగా అధికారి దగ్గరికి నడిచింది. “పడవేదిరా?”

నాయనా అనడం ఆవిడ మానేసింది.

“క్షేమంగా ఉంది పిన్నీ,” అన్నాడు అధికారి, నేల చూపులు చూస్తూ. “ప్రజాసేవలో ఉంది.”

“ఎక్కడ?”

“అది ఫైల్లో లేదు.”

ఆ రాత్రి ఆవిడ భర్త పటం ముందు అగరొత్తి వెలిగించలేదు. ఏమని చెబుతుంది?

జూలైలో మహా మూసివేత పెట్టారు. టీవీ వాళ్లొచ్చారు. పక్క ఊరి సభ్యులొచ్చారు, వాళ్ల గ్యాలరీకి వెళ్లే దారి అప్పటికే తవ్వేసి వచ్చారట. ఇసో పొద్దున్నే వచ్చి మొదటి వరసలో చాప పరుచుకుని కూర్చుంది. మేయరు గారు వేదికెక్కారు. గట్టి మాట చెప్పేటప్పుడు కుడికాలు ఎత్తి నేలని తన్నడం ఆయనకి అలవాటు.

“తోబిహామ తన గతాన్ని,” అని తన్నారు, “ఎన్నటికీ మరవదు!” అని మళ్లీ తన్నారు.

డొబ్బ్ మంది. డొబ్బ్ డొబ్బ్ మంది.

ఇసో తల ఎత్తింది. నలభై ఏళ్లు సకుజో సముద్రంలోకి వెళ్లేముందు అరికాలితో తట్టి విన్న చప్పుడు అది. ఆవిడ మోకాళ్ల మీద ముందుకి జరిగి, ఎర్ర తెల్ల పరదా కొస ఎత్తి చూసింది. బోర్లించిన పడవ. పగులులో ఇప్పుడు పది యెన్‌ల బిళ్ల కాదు, మేయరు గారి మైకు వైరు దూరి ఉంది.

ఆవిడ పరదా దించేసి, మళ్లీ చాప మీద బుద్ధిగా కూర్చుంది. అరిచి ఉంటే అప్పుడే బయటికి నడిపించేసేవాళ్లు. ఆవిడ అరవలేదు. ఆగింది. సభ్యుల ప్రసంగాలయ్యాయి, నత్తగుల్ల ఏడుపయింది. చివరికి మేయరు గారు చెయ్యెత్తి, టీవీ వైపు తిరిగి, గొంతు వణికించి అన్నారు.

“తోబిహామ మ్యూజియాన్ని ఇందుమూలంగా… మూసివేశాం!”

పాట ఇంకా మొదలవలేదు. ఆ సందులో ఇసో లేచి నిలబడింది.

“మేయరు గారూ! మూసేసినట్టేనా?”

మేయరు గారు చలించిపోయారు. ప్రజలు అడగడం, తను చెప్పడం, టీవీ చూడటం! “మూసేసినట్టే అమ్మా!” అని కాలెత్తి తన్నారు. డొబ్బ్.

“నిజంగా?”

“ముమ్మాటికీ!” డొబ్బ్.

“అయితే దిగు నాయనా. నువ్వు నిలబడింది నా పడవ మీద.”

మేయరు గారు అధికారి వైపు చూశారు. అధికారి వాచీ వైపు చూశాడు. పొడిగింపు ఉత్తర్వు అయిదింటికి గాని రాదు. అప్పటికి పన్నెండున్నర.

“సాయంత్రం దాకా మూసే ఉంటుంది సార్,” అన్నాడు అధికారి. ఉద్యోగంలో చేరాక అతను నోరు తెరిచి చెప్పిన మొదటి నిజం అదే. తెలిసి చెప్పాడో, భయంలో జారిందో మాత్రం ఇప్పటిదాకా తేలలేదు.

మేయరు గారు దిగారు. మత్స్యకారుల సంఘం ఆడవాళ్లు స్క్విడ్ పొయ్యిలు వదిలేసి వచ్చి, పరదా లాగి పారేసి, పడవని భుజాలకెత్తారు. ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. అది చూసి మేయరు గారు కూడా ఓ చెయ్యి వేసి, ఫోటో అయ్యాక తీసేశారు.

రేవులో దించితే పడవలోకి నీళ్లు బుడబుడా వచ్చాయి. ఇసో నవ్వింది. “తాగనీయండి, దాహం తీరనీయండి,” అంది. వారం తిరిగేసరికి చెక్క ఉబ్బి పగులు కలిసిపోయింది. తోబిహామలో నిజంగా మూతపడింది ఏదన్నా ఉంటే ఆ పగులొక్కటే.

మ్యూజియమా? ఆ సాయంత్రం అయిదింటికే పొడిగించారు. మేయరు గారి కృషికి ప్రభుత్వం వాళ్లు పతకం ఇస్తున్నారట. ఈ ఆదివారం మళ్లీ మూస్తారు.

అంతవరకే తల్లీ. కలం మూసెయ్. మీ నాన్న ఇంకా ఆఫీసు నుంచి రాలేదు కదా? రాగానే ఇది ఒక్క ముక్క వదలకుండా అతనికి చదివి వినిపించు. పడవ పోయాక మేయరు గారు నిలబడటానికి ఏమీ లేదట. పొద్దున గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ మీ నాన్న ఈ రోలు వైపు రెండుసార్లు చూశాడు. వేలితో తట్టి కూడా చూశాడు. చదివి వినిపించు. అతను విన్నానని ఒప్పుకునేదాకా నాకు అన్నం ఇక్కడికే పట్రా. నేను దీని మీంచి లేవను.