నిండుకున్న బోల్టులు

ఇంజనుకి దాని బోల్టే వెయ్యాలని పట్టుబట్టేవాడు దేశభక్తుడు కాడు!

ఈ మాట గుడివాడ బజారు నడిమధ్య నిలబడి అనమన్నా అంటాను. విదేశీ బట్టలు కుప్పపోసి తగలబెట్టిన వాళ్ళం మనం. అలాంటిది సీమ నుంచి వచ్చిన ఇంజనుకి సీమ బోల్టే కావాలా? మన పట్టెమంచం బోల్టు ఏం పాపం చేసింది? దానికి తల లేదా? ఒంటికి మర లేదా? కాస్త పొట్టిదంటారు. మనలో పొట్టివాళ్ళు లేరా అండీ!

నమ్మనివారి కోసం మా ఊరి శేషగిరిగారి బస్సు సంగతి చెబుతాను. గుడివాడ నుంచి బందరు తిరిగే ఆ బస్సుకి ఈ మధ్యనే ఇంజను విప్పి మళ్ళీ బిగించారు. బిగించిన మహానుభావుడు పిచ్చేశ్వరరావు. మొన్నమొన్నటిదాకా బియ్యపు మిల్లులో ఇంజను చూసుకున్నవాడు. చేతిలో పానా ఉన్నాక ఇంజనుకీ ఇంజనుకీ భేదం లేదని ఆయన సిద్ధాంతం. ఎంత అద్వైతం!

శేషగిరిగారిది ఇంకో నియమం. ఆయన షెడ్డులో ‘లేదు’ అన్న మాట వినపడకూడదు. బస్సంటే లక్ష్మి. ఇంట్లో బియ్యం అయిపోతే ఆడవాళ్ళు ‘నిండుకున్నాయి’ అనరూ? ఇక్కడా అంతే. పెట్రోలు నిండుకుంటుంది, టైర్లలో గాలి నిండుకుంటుంది. ఏది నిండిందో, ఏది నిండుకుందో తేలక డ్రైవరు సత్యవేదం పొద్దున్నే ట్యాంకులో పుల్ల ముంచి చూసుకుంటాడు.

ఇంజను మూత బిగించే వేళకి పిచ్చేశ్వరరావు కేకేశాడు.

“మూత బోల్టులకి మరలు అరిగిపోయినాయండీ. కొత్తవి ఉన్నాయా?”

“నిండుకున్నాయయ్యా.”

“అయితే మద్రాసు నుంచి తెప్పించాలండి మరి.”

“ఈలోగా ముహూర్తం దాటిపోదూ? సర్దెయ్యి.”

సర్దెయ్యి! ఈ మాట దొరల భాషలో ఉన్నట్టు లేదు. అందుకే పాపం ప్రతి బోల్టుకీ కొలతలు పెట్టుకుని ఛస్తున్నారు. మన పిచ్చేశ్వరరావు చక్కగా సర్దాడు. కొన్ని మంచం బోల్టులు, కొన్ని మిల్లువి. పొట్టివైతే మర అందినంత మేర తిప్పాడు, లావువైతే సుత్తితో బుద్ధి చెప్పాడు. అంతా అయ్యాక చూస్తే, అడుగుభాగానికి వెయ్యాల్సిన అసలు బోల్టులు గుప్పెడు మిగిలాయి. శేషగిరిగారు వాటిని కళ్ళకద్దుకున్నారు. వండిన గిన్నెలో ఓ ముద్ద మిగల్చాలంటారు కదా! విప్పినవన్నీ ఊడ్చిపెట్టినట్టు బిగించేస్తే ఇంటికి శుభమా?

ఆ బస్సులోనే మా పినతండ్రి కూతురు భ్రమరాంబ బందరు బయలుదేరింది. చిన్నవయసులోనే మొగుడు పోయి, అన్నల పంచన ఉంటూ, వదినెల చేత రోజుకో మాట పడుతూ, చదువుకుని టీచరు ట్రెయినింగు పాసయిన పిల్ల. బందరులో ఒక ఆడపిల్లల బడిలో ఖాళీ ఉంది. సోమవారం పది గంటలకల్లా వచ్చి చేరితే ఉద్యోగం నీది, లేకపోతే ఇంకొకావిడ కాచుకుని ఉందని ప్రధానోపాధ్యాయిని ఖండితంగా చెప్పింది. అందుకని భ్రమరాంబ ముందురోజే షెడ్డుకి వెళ్ళి అడిగింది.

“బాబాయిగారూ, బస్సు వేళకి చేరుతుందాండీ? ఏమాత్రం అనుమానమున్నా చెప్పండి, రైలుకి వెళ్తాను.”

“చేరదన్న మాట ఈ షెడ్డులో పుట్టదమ్మా! ముందు సీటు నీకే అట్టేపెడతాను.”

అంత పెద్దమనిషి అంత గట్టిగా చెబితే రైలెందుకు ఎక్కుతుంది? కొబ్బరికాయ కొట్టి బస్సు కదిలింది. గుడ్లవల్లేరు దాటింది. ఇంజను సన్నగా ఈల వేసింది. మంచం బోల్టు కదండీ, దానికి తెలిసిందల్లా నిద్ర. కవుతరం దగ్గర హాయిగా పడుకుంది.

మూత పక్కనుంచి ఆవిరి బుస్సుమంది, మరుగునీళ్ళు రోడ్డు మీద పారాయి. ఎన్ని లాభాలని చెప్పను! ఒకాయన ఆ నీళ్ళు పట్టి, చల్లారాక ముఖం కడుక్కున్నాడు. ఇద్దరు పెద్దలు తుమ్మ నీడన కూర్చుని పెళ్ళి సంబంధం ఖాయం చేసుకున్నారు. అదే సమయానికి ఎదురుగా బందరు వెళ్ళే రైలు పోతుంటే అందరూ చేతులూపారు. భ్రమరాంబ ఊపలేదు. రేకు పెట్టె పట్టుకుని ఆ రైలు వంకే చూస్తూ నిలబడింది.

“ఇంకా ఎంతసేపండీ?” అని అడిగింది.

“ఇదుగో, అయిపోయిందమ్మా!” అన్నాడు బస్సులోనే వెంట వచ్చిన పిచ్చేశ్వరరావు. ఆమె అడిగినప్పుడల్లా అయిపోతూనే ఉంది.

చివరికి అటుగా ఖాళీ జట్కా ఒకటి వచ్చింది. బండివాడు అల్లాబక్షు సంగతంతా విన్నాడు, ఎండకేసి చూశాడు.

“ఎక్కమ్మా, తీసుకెళ్తాను. పదికి మాత్రం చేరలేమమ్మా” అన్నాడు.

పాపం అల్లాబక్షుకి వ్యాపారం చేతకాదు. లేకపోతే బండెక్కే మనిషితో ‘చేరలేం’ అంటాడా?

ఆమె వెళ్ళేసరికి బడిలో మధ్యాహ్నం గంట కొడుతున్నారు. ప్రధానోపాధ్యాయిని దుమ్ము కొట్టుకున్న ఆ చీర చూసి నొచ్చుకుంది. “ఖాళీ నిండిందమ్మా” అంది.

ఎంత మంగళకరమైన మాట! షెడ్డులో బోల్టులు నిండుకుంటే, బడిలో ఖాళీ నిండింది. అన్నీ నిండుగానే ఉన్నాయి. మా చెల్లెలే మళ్ళీ వదినెల గుమ్మంలోకి వచ్చి పడింది. ఆ రాత్రి అన్నం తినలేదు. నాకు మాత్రం ఎలా దిగుతుంది?

మర్నాడు భ్రమరాంబ షెడ్డు ముందునుంచి వెళ్తుంటే శేషగిరిగారు ఆప్యాయంగా పలకరించారు.

“ఏమ్మా, ఉద్యోగం వచ్చిందా?”

ఆమె లోపలికి వెళ్ళింది. బస్సు ఎదురుగా నిలబడింది.

“లేదండీ” అంది.

పిచ్చేశ్వరరావు చేతిలో పానా జారింది. శేషగిరిగారు చెవులు మూసుకున్నారు. పొద్దున్నే, లక్ష్మి ఎదట, ఆ మాట! అప్పటికప్పుడు బిందెలతో నీళ్ళు తెప్పించి, పసుపు కలిపి, షెడ్డు మూలమూలలా శుభ్రంగా కడిగించారు.

బోల్టులు మాత్రం అవే.